ఎంత బలంగా లాగుతుంది? గురుత్వాకర్షణ చరిత్రలో పిల్లలకి చెప్పాల్సిన సంగతి

పోయిన ఏడాది ఒక శనివారం తరగతిలో గురువులు, లఘువులు చెప్తున్నాను. బోర్డు మీద గుర్తులు పెట్టాక, ‘గురు’ అంటే బరువైనది అని కూడా అర్థం ఉందనీ, అందుకే మన తెలుగు సైన్సు పుస్తకాల్లో గ్రావిటీని గురుత్వాకర్షణ అంటారనీ మాటవరసకి అన్నాను. వెనక వరసలోంచి ఒక తొమ్మిదేళ్ల అమ్మాయి చెయ్యెత్తింది.

"టీచర్, భూమి నన్ను లాగుతుంది కదా. మరి నా బ్యాగ్ కూడా నన్ను లాగుతుందా?"

"లేదమ్మా, అంత చిన్న వస్తువులకి ఆకర్షణ ఉండదు" అని చెప్పి తర్వాతి పద్యపాదానికి వెళ్లిపోయాను.

నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. చెప్పింది తప్పని ఇంటికి వెళ్లే దారిలో గుర్తొచ్చింది. అదే ప్రశ్న ఇంగ్లీషులో అడిగి ఉంటే బహుశా తప్పు చెప్పి ఉండను. ఈ సంగతి తెలుగులో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. మాటలు వెతుక్కునే కంగారులో, చటుక్కున తేలిపోయే జవాబు ఒకటి చెప్పేశాను.

అదే రోజు పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన ఒక నాన్నగారు గుమ్మం దగ్గర ఆగి, "టీచర్‌గారూ, న్యూటన్ కంటే అయిదువందల ఏళ్ల ముందే మన భాస్కరాచార్యుడు గ్రావిటీ కనిపెట్టాడని కూడా చెప్పండి. పిల్లలకి మనవాళ్ల మీద గౌరవం కలుగుతుంది" అన్నారు. "అలాగేనండీ" అన్నాను. ఆ మాటలో నిజం ఉంది, కానీ పూర్తి నిజం లేదు. ఎక్కడిదాకా నిజమో ఆయనకి చెప్పే ఓపిక ఆ పూట నాకు లేకపోయింది.

తర్వాత ఆలోచిస్తే ఆ రెండు జవాబుల్లోనూ లోపం ఒకటేనని తెలిసింది. రెండింటిలోనూ ‘లాగుతుందా, లేదా’ అనే దగ్గరే ఆగిపోయాను. ‘ఎంత బలంగా లాగుతుంది? ఆ బలం దేని మీద ఆధారపడి ఉంటుంది?’ అనే ప్రశ్న దాకా వెళ్లలేదు. గురుత్వాకర్షణ చరిత్ర అంతా ఆ ‘ఎంత’లోనే ఉంది. మీ తరగతిలోనో, ఇంట్లో భోజనాల బల్ల దగ్గరో ఇదే ప్రశ్న వస్తే మీరు నాలా తడబడకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

భాస్కరుడు చెప్పింది, చెప్పనిది

ముందు ఆ నాన్నగారి మాటే చూద్దాం. భాస్కరాచార్యుడు 1114లో పుట్టాడు. 1150లో, అంటే 36 ఏళ్ల వయసులో, సిద్ధాంత శిరోమణి రాశాడు. అందులో గోళాధ్యాయం అనే భాగంలో భూమికి ఆకర్షించే శక్తి ఉందని చెప్పాడు. ఆకాశంలో ఉన్న బరువైన వస్తువుని భూమి తన వైపు లాక్కుంటుంది, అది మనకి పడుతున్నట్టు కనిపిస్తుంది అన్నాడు. భూమికే ఆధారం లేకపోతే అది కింద పడిపోదా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు. చుట్టూ అన్ని వైపులా ఆకాశం ఒకేలా ఉన్నప్పుడు భూమి ఎటని పడుతుంది అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. ‘కింద’ అంటే ఆకాశంలో ఎక్కడో ఉన్న ఒక దిక్కు కాదు, భూమి వైపే ‘కింద’ అని దాని అర్థం. అంతకు చాలా ముందు, 628లో బ్రహ్మస్ఫుట సిద్ధాంతం రాసిన బ్రహ్మగుప్తుడు కూడా వస్తువులు భూమి వైపు పడటం భూమి స్వభావమని అన్నాడు.

ఇది చిన్న విషయం కాదు. మనం నిలబడిన చోటుకి సరిగ్గా అవతలి వైపు ఉన్నవాళ్లు ఎందుకు జారిపోరు అని ఆరేళ్ల పిల్లవాడు అడిగితే, భాస్కరుడి జవాబు ఈ రోజుకీ సరిపోతుంది. పిల్లలకి ఆయన పేరు తప్పకుండా చెప్పండి.

కానీ ఆయన చెప్పనివి కూడా ఉన్నాయి. రాయిని భూమి లాగుతున్నట్టే రాయి కూడా భూమిని లాగుతుందా? చందమామని ఆకాశంలో తిప్పేది కూడా ఈ శక్తేనా? దూరం రెట్టింపైతే ఆకర్షణ ఎంత తగ్గుతుంది? ఆయన ముందున్న ప్రశ్నలు ఇవి కావు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పలేదని ఎవర్నీ తప్పు పట్టలేం. అలాగని చెప్పని జవాబుని ఆయన పేరు మీద రాసెయ్యడం కూడా న్యాయం కాదు.

ఇది మనవాళ్లని తక్కువ చెయ్యడం అనుకునేవాళ్లకి ఇంగ్లండ్‌లోనే జరిగిన ఒక సంగతి చెప్పండి. దూరం పెరిగేకొద్దీ ఆకర్షణ దూరపు వర్గం లెక్కన తగ్గుతుందని రాబర్ట్ హుక్ ముందే ఊహించాడు. 1679–80లో న్యూటన్‌కి రాసిన ఉత్తరాల్లో ఆ మాట ప్రస్తావించాడు. తర్వాత న్యూటన్ పుస్తకం వస్తుంటే ఆ ఆలోచన తనదేనని గొడవపడ్డాడు. అయినా ఆ నియమానికి ఈ రోజు న్యూటన్ పేరే ఉంది. హుక్ ఊహించాడు, న్యూటన్ ఆ ఊహలోంచి గ్రహాల దారులన్నీ లెక్కకట్టి చూపించాడు. అదే కొలబద్ద అందరికీ పెడదాం, పక్కింటివాళ్లకీ మనింటివాళ్లకీ వేరువేరు కొలబద్దలు వద్దు. అప్పుడు భాస్కరుడికి దక్కాల్సింది ఆయనకి దక్కుతుంది. రేపు మన పిల్లలు స్కూల్లో ఆయన పేరు చెప్పినప్పుడు ఎవరూ వాళ్లని నవ్వులపాలు చెయ్యలేరు.

న్యూటన్ పట్టుకున్న రెండు సంగతులు

1684లో ఎడ్మండ్ హాలీ కేంబ్రిడ్జికి వెళ్లి న్యూటన్‌ని ఒక ప్రశ్న అడిగాడు. సూర్యుడి ఆకర్షణ దూరపు వర్గం లెక్కన తగ్గుతుంటే గ్రహం ఏ దారిలో తిరుగుతుంది అని. దీర్ఘవృత్తంలో అని న్యూటన్ వెంటనే చెప్పాడు. ఎలా తెలుసంటే, లెక్కకట్టానన్నాడు. ఆ కాగితం మాత్రం దొరకలేదు. మళ్లీ రాసి పంపిస్తానని మొదలుపెట్టిన పని పెరిగి పెరిగి 1687లో ప్రిన్సిపియా అనే పుస్తకం అయింది. రాయల్ సొసైటీ అప్పటికే చేపల మీద ఒక పెద్ద పుస్తకం వేసి డబ్బులు ఖర్చు పెట్టేసుకుంది కాబట్టి, ప్రిన్సిపియా అచ్చు ఖర్చు హాలీయే తన జేబులోంచి పెట్టుకున్నాడు.

ఆ పుస్తకం చెప్పిన ప్రకారం ఆకర్షణ బలాన్ని నిర్ణయించేవి రెండే.

మొదటిది ద్రవ్యరాశి, అంటే వస్తువులో ఎంత పదార్థం ఉంది అన్నది. లాగే వస్తువుదీ, లాగబడే వస్తువుదీ రెండూ లెక్కలోకి వస్తాయి. వాటిలో ఏ ఒక్కటి రెట్టింపైనా బలం రెట్టింపవుతుంది. రెండూ రెట్టింపైతే నాలుగింతలవుతుంది.

రెండోది దూరం. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకి పడిపోతుంది. మూడింతలైతే తొమ్మిదో వంతుకి. ఈ దూరాన్ని వస్తువుల మధ్య నుంచి మధ్యకి కొలవాలి. మనం నేల మీదే ఉన్నాం కదా, భూమికీ మనకీ దూరం సున్నా అని పిల్లలు అనుకుంటారు. కాదు, భూమి మధ్య నుంచి మనం సుమారు 6,371 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం.

మరి వస్తువు దేనితో తయారైందన్న సంగతో? దాంతో పని లేదు. దీన్ని న్యూటన్ నోటిమాటగా వదిలెయ్యలేదు. రెండు ఒకేలాంటి చెక్క పెట్టెలు తీసుకుని, ఒకేలాంటి పొడవాటి దారాలకి కట్టి లోలకాల్లా ఊపాడు. ఒకదాంట్లో చెక్క, ఇంకోదాంట్లో అంతే తూకం బంగారం. తర్వాత బంగారం తీసి వెండి, సీసం, గాజు, ఇసుక, ఉప్పు, నీళ్లు, చివరికి గోధుమలు కూడా పెట్టి చూశాడు. రెండు పెట్టెలూ చాలాసేపు జోడుగా ఊగాయి. తేడా ఉంటే వెయ్యో వంతు కంటే తక్కువే అని తేల్చాడు. బంగారమైనా గోధుమలైనా భూమికి ఒకటే. ఇది చెప్పగానే పిల్లల మొహాలు ఎలా మారతాయో చూడండి.

దూరం సంగతికి చందమామే సాక్షి. ఇక్కడ ఒక వస్తువుని వదిలితే మొదటి సెకనులో సుమారు 4.9 మీటర్లు పడుతుంది. చందమామ భూమి మధ్య నుంచి సుమారు 60 భూవ్యాసార్థాల దూరంలో ఉంది. 60ని 60తో హెచ్చిస్తే 3600. అంటే అక్కడ భూమి ఆకర్షణ ఇక్కడి దానిలో 3600వ వంతు ఉండాలి. 4.9 మీటర్లని 3600తో భాగిస్తే 1.4 మిల్లీమీటర్ల లోపు వస్తుంది. చందమామ తిన్నగా పోకుండా సెకనుకి భూమి వైపు ఎంత వంగుతుందో దాని కక్ష్యని బట్టి లెక్కకడితే, అదే సంఖ్య వస్తుంది. చెట్టు మీద పండుని లాగేదీ, చందమామని తిప్పేదీ ఒకే చెయ్యి అని ఈ లెక్కతో తెలిసింది.

పండంటే గుర్తొచ్చింది. యాపిల్ న్యూటన్ నెత్తి మీద పడిందని పిల్లలకి చెప్పకండి. తోటలో యాపిల్ పడటం చూసి ఈ ఆలోచన వచ్చిందని ముసలితనంలో ఆయనే విలియం స్టూక్లీ అనే స్నేహితుడితో అన్నాడు. నెత్తి సంగతి తర్వాత ఎవరో కలిపింది.

కొండ లాగుతుందా?

నియమం దొరికింది గానీ ఇంకో ముక్క మిగిలింది. బంతి, బల్ల, కొండ లాంటి మామూలు వస్తువులు కూడా లాగుతాయని నియమం చెప్తోంది. ఎవరైనా చూశారా? పెద్ద కొండ పక్కన నిలబడ్డా దాని లాగుడు కొలవలేనంత తక్కువ ఉంటుందని న్యూటనే అనుకున్నాడు.

ఊళ్లో ఇల్లు కట్టేటప్పుడు చూసే ఉంటారు, గోడ నిట్టనిలువుగా లేస్తోందో లేదో చూడటానికి తాపీమేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు. ఆ గుండు భూమి మధ్యకి గురిపెడుతుంది. పక్కన పెద్ద కొండ ఉంటే, అది కూడా గుండుని కాస్త తన వైపు లాగాలి కదా? దారం ఎంత పక్కకి వంగిందో తెలిస్తే, కొండతో పోల్చి భూమిని తూచెయ్యొచ్చు. 1738లో ఫ్రెంచివాళ్లు బూగే, లా కొండమీన్ దక్షిణ అమెరికాలో చింబొరాజో పర్వతం దగ్గర ఈ ప్రయత్నం చేశారు. దారం కొంచెం వంగినట్టే ఉంది గానీ, మంచులో, ఎముకలు కొరికే గాలిలో చేసిన ఆ కొలత మీద వాళ్లకే పూర్తి నమ్మకం కుదరలేదు.

1774లో ఇంగ్లండ్ రాజఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్ స్కాట్లండ్‌లో షిహాలియన్ అనే కొండ దగ్గర గుడారాలు వేశాడు. ఎత్తు 1,083 మీటర్లు. ఆ కొండనే ఎంచుకోవడానికి కారణం దాని ఆకారం. దగ్గరలో వేరే పెద్ద కొండలు లేకుండా, రెండు వైపులా ఇంచుమించు ఒకేలా వాలుగా ఉంటుంది. దక్షిణం వైపు ఒకచోట, ఉత్తరం వైపు ఒకచోట నిలబడి, గుండు దారానికీ నెత్తి మీది నక్షత్రాలకీ మధ్య కోణం కొలవాలి. వానలు, మబ్బులు. నక్షత్రం కనిపించే రాత్రి కోసం నెలల తరబడి కాచుకున్నారు.

నేల మీద కొలిచిన దూరం ప్రకారం ఆ రెండు చోట్ల మధ్య సుమారు 43 సెకండ్ల తేడా ఉండాలి. (ఇవి గడియారం సెకండ్లు కావు. ఒక డిగ్రీని 3600 భాగాలు చేస్తే ఒక భాగం.) నక్షత్రాల ప్రకారం 54.6 వచ్చింది. ఆ 11.6 సెకండ్ల తేడా కొండ లాగుడు. రెండు వైపులా కలిపితేనే అంత. 18 మీటర్ల దారం చివర గుండు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే ఎంత కోణం అవుతుందో, ఇంచుమించు అంత.

చార్లెస్ హటన్ అనే గణితవేత్త కొండ మొత్తాన్ని ముక్కలుముక్కలుగా లెక్కకట్టాడు. ఆ లెక్కల్లో ఒకే ఎత్తున్న చోట్లని గీతలతో కలిపాడు. ఈ రోజు మ్యాపుల్లో మనం చూసే కాంటూరు గీతలు అలా వాడుకలోకి వచ్చాయి. 1778లో ఆయన చెప్పిన జవాబు: భూమి సగటున నీటి కంటే 4.5 రెట్లు సాంద్రమైనది. కొండ రాయి నీటికి రెండున్నర రెట్లే అనుకుని చేసిన లెక్క అది. అంటే భూమి లోపల రాయి కంటే బరువైనదేదో ఉండాలి. భూమి లోపల డొల్లగా, పొరలుపొరలుగా ఉండొచ్చని 1692లో సాక్షాత్తూ హాలీయే ఊహించాడు. ఆ ఊహకి ఈ కొండ సమాధానం చెప్పింది.

ఈ దేశంలో ఉన్నవాళ్లం కదా, వేసవి సెలవుల్లో స్కాట్లండ్ వెళ్లే కుటుంబాలు చాలానే ఉన్నాయి. పెర్త్‌షైర్ వైపు వెళ్తే కారు ఆపి ఆ కొండని పిల్లలకి చూపించండి. "ఇదే మొదట పట్టుబడిన కొండ" అని చెప్పండి.

లండన్ పక్కన ఒక చీకటి గది

మా తరగతి అమ్మాయి ప్రశ్నకి అసలు జవాబు మాత్రం కొండ దగ్గర లేదు. లండన్ పక్కన క్లాపంలో, హెన్రీ కేవెండిష్ ఇంట్లో ఉంది. అప్పటికి ఆయనకి అరవై అయిదు దాటాయి. మనుషులంటే మహా బిడియం, కొలతల దగ్గర మాత్రం రాజీ లేని మనిషి. పరికరం ఊహ ఆయనది కాదు, జాన్ మిషెల్ అనే చర్చి గురువుది. మిషెల్ పరికరం కట్టాడు గానీ ప్రయోగం చెయ్యకుండానే 1793లో పోయాడు. అది చేతులు మారి కేవెండిష్ దగ్గరకి వచ్చింది. ఆయన దాన్ని చాలావరకు తిరిగి కట్టించాడు. ప్రయోగం 1797–98లో జరిగింది.

ఆరడుగుల చెక్క కడ్డీ. రెండు చివర్లా ఒక్కో చిన్న సీసపు గుండు, ఒక్కోటీ సుమారు 0.73 కిలోలు. కడ్డీ మధ్యలో సన్నటి తీగ కట్టి పైనుంచి వేలాడదీశారు. ఆ చిన్న గుండ్ల పక్కకి రెండు పెద్ద సీసపు గుండ్లు తెచ్చారు. ఒక్కోటీ సుమారు 158 కిలోలు. పెద్ద గుండు చిన్న గుండుని లాగితే కడ్డీ కొంచెం తిరుగుతుంది, తీగ మెలి పడుతుంది. ఎంత మెలి పడిందో చూస్తే ఎంత బలంగా లాగిందో తెలుస్తుంది.

ఆ లాగుడు చిన్న గుండు బరువులో అయిదు కోట్లో వంతుకి మించదు. మనిషి ఒంటి వేడికి గదిలో గాలి కదిలినా కొలత చెడిపోతుంది. అందుకని పరికరాన్ని ఒక మూసిన గదిలో పెట్టి, కేవెండిష్ బయటే ఉన్నాడు. గోడలో కన్నం పెట్టి టెలిస్కోపుతో చూశాడు. పెద్ద గుండ్లని బయటనుంచే తాళ్లతో కదిపాడు. కడ్డీ చివర జరిగింది సుమారు నాలుగు మిల్లీమీటర్లు.

సీసం సీసాన్ని లాగింది. కొండ కాదు, గ్రహం కాదు, గదిలో పెట్టిన గుండు! లాగేది ఎంత ద్రవ్యరాశి, ఎంత దూరం నుంచి అన్నది తెలుసు కాబట్టి, అదే చిన్న గుండుని భూమి లాగే బలంతో పోలిస్తే భూమి ద్రవ్యరాశి తేలుతుంది. భూమి నీటి కంటే 5.48 రెట్లు సాంద్రమైనదని 1798లో ప్రకటించాడు. ఆ అంకెలో చిన్న కూడిక పొరపాటు ఉంది, సరిచేస్తే 5.45 వస్తుంది. ఈ నాటి కొలత 5.51. భూమి ద్రవ్యరాశి అంటే 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోలు.

ఈ నియమంలో ఉండే స్థిరాంకాన్ని ఇప్పుడు ‘జి’ అంటాం. దాని విలువ ఈ రోజుకీ మొదటి నాలుగైదు అంకెల దాకానే గట్టిగా తెలుసు. మిగతా స్థిరాంకాలతో పోలిస్తే అది చాలా తక్కువ. గురుత్వాకర్షణ అంత బలహీనమైన శక్తి. భూమి అంత పెద్దది కాబట్టే మనకి గట్టిగా తగులుతోంది.

మన వైపు ఒక కథ

ఇదంతా యూరపు కథేనా అంటే, తర్వాతి అధ్యాయం మన నేల మీద జరిగింది. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ భారతదేశాన్ని త్రిభుజాలుగా కొలిచే సర్వే మొదలుపెట్టాడు. 1818లో జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాద్‌లో ఆయన దగ్గర సహాయకుడిగా చేరాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో మంచాన పడ్డాడు. కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా వెళ్లాల్సి వచ్చింది. శిఖరం పేరుగానే తెలిసిన ఎవరెస్ట్ ఆ సర్వేలో తన పని తెలుగు నేల మీదే మొదలుపెట్టాడని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

తర్వాత ఆ సర్వే ఉత్తరానికి సాగి హిమాలయాల దగ్గరకి వచ్చేసరికి ఒక చిక్కు వచ్చింది. మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్, హిమాలయాలకి దగ్గరగా ఉన్న కల్యాణా అనే రెండు చోట్ల మధ్య దూరాన్ని నేల మీద ఒక పద్ధతిలో, నక్షత్రాలతో ఇంకో పద్ధతిలో కొలిస్తే అయిదు సెకండ్ల పైచిలుకు తేడా వచ్చింది. హిమాలయాలు గుండు దారాన్ని లాగుతున్నాయా? కలకత్తాలో చర్చి అధికారిగా ఉన్న జాన్ ప్రాట్ లెక్కకట్టి 1855లో చెప్పింది వింతగా ఉంది. కంటికి కనిపించే హిమాలయాల పరిమాణానికి తేడా దాదాపు 16 సెకండ్లు రావాలి. మూడో వంతే ఎందుకు వచ్చింది?

అదే ఏడాది జార్జ్ ఎయిరీ ఒక వివరణ ఇచ్చాడు. నీళ్ల మీద తేలే దుంగ ఎంత పైకి కనిపిస్తే అంత లోతుగా మునిగి ఉంటుంది కదా. కొండలకి కూడా కింద అలాంటి వేరు ఉంటుంది. ఆ వేరు చుట్టుపక్కల ఉన్న లోతు పొర కంటే తేలికైన రాయి. పైన కనిపించే బరువుని కింది తేలిక కొంత కొట్టేస్తుంది. ఈ ఆలోచన సరైనదని తర్వాత తేలింది. భూమి పైపొర మామూలు చోట్ల 35–40 కిలోమీటర్ల మందం ఉంటే, హిమాలయాలు, టిబెట్ కింద సుమారు 70 కిలోమీటర్లు ఉంటుంది.

ఇందులో మనకో పాఠం ఉంది. ఆకర్షణ కంటికి కనిపించే పరిమాణాన్ని బట్టి ఉండదు, లోపలున్న ద్రవ్యరాశిని బట్టి ఉంటుంది. ఈ కిటుకుతోనే ఇప్పుడు నేల తవ్వకుండా లోపల ఏముందో పసిగడతారు. భారతదేశపు గురుత్వ పటాలు తయారుచేసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. మీలో చాలామంది ఉప్పల్ రోడ్డులో ఎన్.జి.ఆర్.ఐ. స్టాపు దాటి వెళ్లినవాళ్లే. ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు ఆ గేటు పిల్లలకి చూపించండి.

తరగతిలో ఎలా చెప్పాలి

ఆరేడేళ్ల పిల్లలకి ‘అన్నీ అన్నిటినీ లాగుతాయి, పెద్ద బరువైతే గట్టిగా, దూరంగా ఉంటే మెల్లగా’ అన్న మాట చాలు. ‘చిన్నవి లాగవు’ అని మాత్రం అనకండి. నేను చేసిన తప్పు అదే.

తొమ్మిది, పదేళ్లవాళ్లకి దూరం సంగతి వెలుతురుతో చూపించొచ్చు. ఫోన్ టార్చ్‌కి ఒక అడుగు దూరంలో చదరపు కన్నం చేసిన అట్ట పట్టుకోండి. రెండు అడుగుల దగ్గర గళ్ల కాగితం పెట్టండి. కన్నం ఒక గడి అంత ఉంటే వెలుగు నాలుగు గళ్లు కప్పుతుంది. మూడు అడుగుల దగ్గర తొమ్మిది గళ్లు. అంతే వెలుతురు ఎక్కువ గళ్లకి పంచుకుంటోంది కాబట్టి ఒక్కో గడికి వచ్చేది తగ్గింది. ఆకర్షణ తగ్గే లెక్క కూడా ఇదే. గళ్లు వాళ్లనే తెలుగులో లెక్కపెట్టనివ్వండి.

పన్నెండు దాటినవాళ్లకి చందమామ లెక్క ఇవ్వండి. చందమామ మీద మన బరువు ఆరో వంతు అని వాళ్లకి తెలుసు. కానీ దాని ద్రవ్యరాశి భూమిలో 81వ వంతే. మరి బరువు 81వ వంతు ఎందుకు కాలేదు? చందమామ చిన్నది, అందుకే దాని మీద నిలబడితే దాని మధ్యకి దగ్గరగా ఉంటాం. భూమి మధ్యకి మనం ఉన్న దూరంలో సుమారు 3.7వ వంతే. రెండు సంగతులూ కలిపితేనే ఆరో వంతు వస్తుంది. ఈ ఒక్క లెక్కలో నియమం అంతా ఉంది.

ఇంకో అపోహ తప్పకుండా ఎదురవుతుంది. అంతరిక్షంలో గ్రావిటీ ఉండదు, అందుకే వ్యోమగాములు తేలతారు అంటారు. 400 కిలోమీటర్ల పైన తిరిగే అంతరిక్ష కేంద్రం దగ్గర భూమి ఆకర్షణ ఇక్కడి దానిలో సుమారు 89 శాతం ఉంటుంది. భూమి మధ్య నుంచి దూరం పెరిగింది అంత కొంచెమే కదా. వాళ్లూ, వాళ్ల నౌకా కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉన్నారు కాబట్టి తేలుతున్నట్టు ఉంటుంది.

తెలుగు మాటలకి భయపడకండి. ద్రవ్యరాశి, బరువు, దూరం, వర్గం, ఈ నాలుగు మాటలు బోర్డు మీద రాస్తే చాలు. ద్రవ్యరాశి, బరువు ఒకటి కావని, చందమామ మీద ద్రవ్యరాశి మారదు, బరువు మారుతుందని చెప్పండి. మిగతాదంతా లాగడం, పడటం, తూచడం, మెలి పడటం. ఇవన్నీ మన ఇంట్లో మాటలే. తెలుగు అంటే పద్యాలకీ పండగలకీ మాత్రమే, అసలు చదువు ఇంగ్లీషులోనే అని పిల్లలకి మనం ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు మనం ఇంగ్లీషులోకి జారిపోతే, వాళ్లు నేర్చుకునేది అదే.

ఆ అమ్మాయికి చెప్పిన జవాబు

తర్వాతి శనివారం పాఠానికి ముందే ఆ అమ్మాయిని పిలిచి, "పోయిన వారం నేను తప్పు చెప్పాను. నీ బ్యాగ్ నిన్ను లాగుతుంది. నువ్వు కూడా దాన్ని లాగుతావు" అన్నాను. ఇద్దరం కలిసి బోర్డు మీద లెక్క వేశాం. అమ్మాయి 30 కిలోలు, బ్యాగ్ 4 కిలోలు, మధ్య దూరం అర మీటరు. ఆ బ్యాగుని అమ్మాయి లాగే దానికంటే భూమి సుమారు నూట ఇరవై కోట్ల రెట్లు గట్టిగా లాగుతోందని వచ్చింది. సున్నాలు లెక్కపెట్టడానికే తరగతికి అయిదు నిమిషాలు పట్టింది.

"అంటే నేను లాగుతున్నాను కానీ ఎవరికీ తెలియట్లేదు" అంది. సరిగ్గా అంతే. తెలుసుకోవడానికి ఒకాయన చీకటి గది బయట టెలిస్కోపు పట్టుకుని కూర్చున్నాడని అప్పుడు చెప్పాను.

ఆ వారమే నాన్నగారికి కూడా గుమ్మం దగ్గర భాస్కరుడి సంగతి ఎక్కడిదాకా నిజమో చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే రెండూ చెప్పండి" అన్నారు. ఇప్పుడు మా తరగతిలో రెండూ చెప్తున్నాం. మీరూ చెప్పండి. తప్పు చెప్పామని తెలిస్తే వచ్చే వారం దిద్దుకోండి. కేవెండిష్ అంతటివాడి కూడికలోనే పొరపాటు దొర్లింది. పిల్లలు మనల్ని తక్కువగా చూడరు, ఇంకో ప్రశ్న అడుగుతారు.